మానేరు తాంబేలు

పోయిన నెల మా మనవరాలు తన స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది. భుజాన సంచి, చేతిలో నీళ్ల టబ్బు, టబ్బులో ఒక నల్ల తాబేలు. చెరువుల్లో, బావుల్లో ఉండే తాబేళ్ల మీద ఆ పిల్ల ఏదో పరిశోధన చేస్తోందట. చాయ్ పెట్టి ఇచ్చాను. తాగుతూ ఫోనులో బొమ్మలు చూపించింది.

"అమ్మమ్మా, ఇదంతా ఒకటే జాతి. కానీ ప్రాంతాన్ని బట్టి రకాలున్నాయి. కేరళలో ఉండేదానికి తల పక్కన పసుపు పట్టీ ఉంటుంది. లంకలో ఉండేదానికి నారింజ రంగు చుక్కలు. బర్మా దాకా ఉంది ఇది" అని చెప్పుకుంటూ పోయింది. తర్వాత టబ్బును నా ముందుకు జరిపింది. "పాతవాళ్లు చూసి ఎక్కడిదో చెప్పేవాళ్లట కదా. మీరు చెప్పగలరా?"

చెప్పగలను. తిప్పి చూడక్కర్లేదు, వీపు చూస్తేనే చెప్పగలను. కానీ "నాకేమెర్క బిడ్డా" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. నోరు తెరిస్తే మూయని ముసలిది ఇంత చిన్న జవాబు ఇచ్చిందేమిటా అని మనవరాలు వింతగా చూసింది. వాళ్లు వెళ్లాక కూడా నాకు ఏ పనీ చేతికి రాలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయి, మాడు వాసన వచ్చాక గానీ సోయిలోకి రాలేదు.

మాది కోరుట్ల నుంచి మల్లాపూర్ పోయే దారిలో ఒక పల్లె. మాకు భూమి లేదు. బాపు, అమ్మ కూలికి పోయేవాళ్లు. తాత బావుల్లో పూడిక తీసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే ఆయనకు తీరిక ఉండేది కాదు. జగిత్యాల నుంచి ఒకరు, చందుర్తి నుంచి ఒకరు, సిరిసిల్ల పక్క పల్లెల నుంచి ఒకరు కబురు పంపేవాళ్లు. మోకు పట్టుకొని దిగి, రోజంతా బురద ఎత్తి, పొద్దుగూకే వేళకు పైకొచ్చేవాడు. ఆయన ఒంటి మీద ఒక వాసన ఉండేది: నల్ల మట్టి, నాచు, సుట్ట కలిసిన వాసన. అవ్వ ముక్కు మూసుకొని "ఓ ముసలోడా, నీళ్ల గోలెం కాడనే ఉండు, ఇంట్ల అడుగు పెడితే కాళ్లిరగ్గొడ్త" అనేది. నేను మాత్రం పరిగెత్తుకెళ్లి మెడకు వేలాడేదాన్ని.

పూడిక తీశాక, ఊట మోకాలి లోతు వచ్చాక, బావిలో ఒక తాబేలును వదలాలి. మా దిక్కు అది ఆచారం. నీళ్లలోని పురుగును, పాచిని, చచ్చిన కప్పను అదే తిని నీళ్లను తేటగా ఉంచుతుందని నమ్మకం. తాబేలును వదిలేదాకా తాత పని అయిందనేవాడు కాదు, కూలి కూడా ముట్టేవాడు కాదు. ఏ తాబేలంటే ఆ తాబేలు పనికిరాదు. వీపు మీద పొడుగునా మూడు గట్లు ఉండాలి. చెరువుల్లో మెత్తటి అంచుల తాబేళ్లు వేరే ఉండేవి, వాటిని కొందరు కూర వండుకునేవాళ్లు. తాత వాటి జోలికి పోయేవాడు కాదు. "కూరది కూరదే, బాయిది బాయిదే" అనేవాడు.

ఆ మూడు గట్లదాంట్లోనూ ఊరికో తీరు ఉంటుందని తాత నాకు నేర్పాడు. జగిత్యాల చెరువుదైతే వీపు కాటుకలా నల్లగా ఉండి, పొట్ట అంచున గడపకు రాసినంత చిక్కగా పసుపు ఉంటుంది. మా కోరుట్ల వాగుది మొరం రాళ్లల్లో తిరిగి తిరిగి గట్లు అరిగిపోయి, పొట్ట దాదాపు అంతా నలుపే. వీర్నపల్లి అడవి కుంటల్లోది పెద్దది, మొండిది, గట్లు ఎత్తుగా ఉంటాయి. సిరిసిల్ల పక్కన పారే మానేరుది ఇసుకలో పెరిగింది కాబట్టి వీపు బెల్లం రంగు, చెంపల మీద సన్నని పసుపు చుక్కలు, పొట్టంతా ఇసుక గీతలు. చదువుకున్నవాళ్లు దీన్ని ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. తాత మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. నేనూ తప్పలేదు.

అదొక ఆటైపోయింది. బావి గట్టున తాత దోస్తులు సుట్టలు కాలుస్తూ కూర్చునేవాళ్లు. ఒకాయన తాబేలును వెల్లకిలా పట్టుకొని "ఏ ఊరిదే పోరీ ఇది?" అనేవాడు. "జగిత్యాలది!" అనేదాన్ని. "అవ్వో, దీని నోట్లె నువ్వులు నానయి గని దీనికి ఎర్కలేనిది లేదు!" అని నవ్వేవాళ్లు. నా ఒడిలో మక్కపేలాలు పోసేవాళ్లు. నాకు ఎనిమిదేళ్లో, తొమ్మిదేళ్లో. ఊళ్లో నా అంత తెలివైనది లేదని నా ధీమా.

కాక అంటే బాపు తమ్ముడు. జగిత్యాలలో కాలేజీ చదువు. మా ఇంట్లో పలక దాటి చదివింది ఆయనొక్కడే. "వీడు సారైతడు. కుర్సిల కూసుంటడు. మనలెక్క బురదల దిగడు" అని తాత ప్రతి బావి దగ్గరా చెప్పుకునేవాడు. దారిన పోయేవాళ్లను కూడా ఆపి చెప్పేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా కాక తడి గోనె సంచిలో ఒక తాబేలును తెచ్చేవాడు. తాత బావులకు పనికొచ్చేది, నాకు పరీక్ష అయ్యేది. "నేనేడ తిరిగితే గాడి తాంబేలు నీకు తెస్త బిడ్డా. నేను చెప్ప, నువ్వే చెప్పాలె ఏడిదో" అనేవాడు.

ఆ ఏడు, అరవై తొమ్మిదిలో, తెలంగాణ కొట్లాట మొదలైంది. మా బడికి తాళం పడింది, మాకు పండగే. గోడల మీద బొగ్గుతో రాతలు. కోరుట్లకు బస్సు రాకపోయేది, వచ్చినా అద్దాలుండేవి కావు. కిరసనాయిలు దొరక్క సందె వేళకే జొన్న గట్కా, పచ్చిపులుసు తిని పడుకునేవాళ్లం. పెద్దవాళ్లు మాట్లాడుకునే తీరే మారిపోయింది. "నౌకర్లన్ని ఆంధ్రోళ్లకేనట." "ఫలానా ఊళ్లె తుపాకులు పేలినయట." మేము దగ్గరికి పోతే నోళ్లు మూసేవాళ్లు. అంత మాటకారి తాత కూడా, కాక పేరు ఎవరైనా ఎత్తితే సుట్ట వెలిగించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం కాక వచ్చాడు. సంచి లేదు, తాబేలు లేదు. చెప్పులు కూడా లేవు. జగిత్యాల దారిలో బస్సును తగలబెట్టినవాళ్లలో పోలీసులు ఆయన పేరు రాసుకున్నారట. తగలబెట్టాడా లేదా అని నేను ఇప్పటిదాకా అడగలేదు. నిలబడే రెండు ముద్దల గట్కా తిని, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని, కూలివాడిలా పొలాలకు అడ్డంపడి వెళ్లిపోయాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. బాపు నన్ను గోడకు ఆనించి నిలబెట్టాడు.

"మీ కాక ఏడున్నడని ఎవరడిగినా తెల్వదనాలె. ఏమనాలె?"

"తెల్వదనాలె."

"ఇంకోపారి?"

"తెల్వదనాలె."

పదిసార్లు చెప్పించాడు. ఈ ఒక్క మాట నేను తప్పలేదు. ఒట్టు, తప్పలేదు.

వానలు పడి, నాట్లు మొదలయ్యాయి. ఒకరోజు తువ్వాళ్లమ్మే ఒక ఆమె మూట నెత్తిన పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. సిరిసిల్ల మగ్గాల తువ్వాళ్లు. అవ్వ "మాకెందుకు తల్లీ, నడు" అంటుండగానే ఆమె మూట దించి, అడుగు నుంచి ఒక తడి గోనె సంచి తీసింది. "ఇది మీ పొల్లకియ్యమన్నడు. మంచిగనే ఉన్నడు. ఇంకేం అడగకుండ్రి" అంది. చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయింది.

తాత సంచి విప్పాడు. బెల్లం రంగు వీపు. తిప్పాడు, పొట్ట మీద ఇసుక గీతలు. ఆయన మొహం నెలన్నర తర్వాత మొదటిసారి విప్పారింది. "బతికిండే" అన్నాడు అవ్వతో. ఎక్కడిదో అనలేదు. నన్నూ అడగలేదు. అడగకపోతే నాకు తెలియదా? చెప్పుకోవడానికి వీల్లేక కడుపు ఉబ్బిపోయింది.

తాబేలును వాకిట్లో నీళ్ల గోలెంలో వేశాం. ఇంట్లోకి మాత్రం తేవొద్దని అవ్వ గట్టిగా చెప్పింది. బావిలో ఉంటే మేలు, ఇంట్లోకొస్తే కీడు. "తాంబేలు సొచ్చిన ఇల్లు, అమీను సొచ్చిన ఇల్లు ఒక్కతీరే బిడ్డా. రెండు గుల్లయితయి" అనేది. నైజాం కాలంలో పోలీసు అధికారిని అమీను అనేవారు. ఆ రాజ్యం పోయి ఎన్నేళ్లయినా మా అవ్వకు ఖాకీ తొడిగిన ప్రతివాడూ అమీనే.

నేను వింటేనా! మర్నాడు సాయంత్రం ముసురు పట్టింది. కాక పంపిన తాబేలు వానలో తడుస్తోందే అని నా బాధ. నీళ్లలో బతికేదానికి వానేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది. దాన్ని లంగాలో చుట్టి దాచి తెచ్చి వడ్ల గుమ్మి వెనక పెట్టాను. పొద్దున్నే అవ్వ ఊడుస్తుంటే అది చీపురుకు తగిలింది. అవ్వ అరుపుకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు. నా వీపు మీద నాలుగు పడ్డాయి. ఇల్లంతా పసుపు నీళ్లు చల్లి, తాబేలును మళ్లీ గోలెంలో వేసింది. ఆ రోజంతా "ఏమైతదో, ఏమైతదో" అని తనలో తాను గొణుక్కుంటూ కంకులు కాల్చి మాడ్చింది.

ఆ మర్నాడే ఆ మనిషి వచ్చాడు.

బాపు, అమ్మ నాటుకు పోయారు. తాత మల్లాపూర్‌లో కూలిన బావి గట్టు కట్టే పనిలో ఉన్నాడు. అవ్వ పెరట్లో పిడకలు సర్దుతోంది. నేను గోలెం దగ్గర కూర్చొని తాబేలుకు అన్నం మెతుకులు వేస్తున్నాను. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, చేతిలో గొడుగు. పొలమున్న ఆసామిలా ఉన్నాడు. కాళ్లకు మాత్రం ఎర్ర తోలు బూట్లు. ఆ బురదలో ధోవతి మీద బూట్లేమిటని నవ్వొచ్చింది. అంతకు మించి నాకేమీ తట్టలేదు.

"మీ తాత ఉన్నడా పిల్లా? బాయిల పూడిక తీపియ్యాలె" అన్నాడు.

"పనికి పోయిండు."

"మరి మీ కాక?"

"తెల్వదు" అన్నాను టక్కున. అంత గట్టిగా అన్నందుకు నా మీద నాకే మెచ్చుకోలు కలిగింది.

ఆయన మళ్లీ అడగలేదు. గొడుగు మడిచి గోలెం పక్కన కూర్చున్నాడు. నీళ్లలోకి చూశాడు. "మంచిగుంది తాంబేలు. గిసొంటిదే మా బాయికి కావాలె. మీ వాగుల దొరికిందా?"

"ఇది మా వాగుది కాదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"తాంబేలుకు ఊరుంటదా ఏందే? ఉత్త మాటలు!"

ఉత్త మాటలట! నాకు రోషం వచ్చింది. తాబేలును రెండు చేతులతో ఎత్తి వెల్లకిలా తిప్పాను. పొట్ట చూపించాను, ఇసుక గీతలు చూపించాను, చెంపల మీద చుక్కలు చూపించాను. మా వాగుదైతే ఎలా ఉంటుందో, జగిత్యాలదైతే ఎలా ఉంటుందో వరసగా చెప్పాను. తాత గొంతుతోనే చెప్పాను. "ఇది సిరిసిల్లది. మానేరుది."

"అబ్బో!" అన్నాడు ఆయన. "మరి గంత దూరం నుంచి నడిసచ్చిందా?"

"నడిసెందుకస్తది? తువ్వాలల మూటల అచ్చింది" అని పకపకా నవ్వాను.

ఆయన కూడా నవ్వాడు. లేచి ధోవతి దులుపుకొని, నా తల నిమిరాడు. అప్పుడే అవ్వ పెరట్లోంచి వచ్చింది. "ఎవలయ్యా?" అంటూనే ఆమె చూపు బూట్ల మీద పడింది. మొహం పాలిపోయింది. ఆయన "మల్ల అస్త అవ్వా" అని మెల్లగా నడుచుకుంటూ పోయాడు.

"ఏమడిగిండే?" అని అవ్వ నా రెట్ట పట్టుకుంది.

"కాక ఏడున్నడని అడిగిండు. తెల్వదన్న."

"ఇంకేం చెప్పలేదు గదా?"

"ఇంకేం చెప్పలేదు."

అబద్ధమని నేననుకోలేదు. కాక గురించి నేనేమీ చెప్పలేదు కదా. తాబేలు గురించి చెప్పొద్దని నాకెవరూ చెప్పలేదు కదా.

మూడో రోజు పొద్దున జీపు వచ్చింది. నలుగురు ఖాకీలు ఇల్లు చొచ్చి గుమ్మి తన్నారు, కుండలు పగలగొట్టారు, కాక పుస్తకాలన్నీ వాకిట్లో కుప్పేశారు. వెతకడానికి వచ్చారనుకున్నాం. వెతకడానికి కాదు. ముందురోజే సిరిసిల్లలో కాక దొరికాడు. తువ్వాళ్లమ్మే ఆమె ఇంట్లో, నేత మగ్గం కింది గుంటలో, కాళ్లు ముడుచుకొని కూర్చున్నవాడిని జుట్టు పట్టి లాగారట. ఆమె మొగుడిని కూడా తీసుకుపోయారట. జీపులోనివాళ్లే చెప్పారు, ఎగతాళిగా.

జీపు పోయాక అవ్వ పగిలిన కుండల మధ్య కాసేపు కూర్చుంది. తర్వాత లేచి గోలెంలో చెయ్యి పెట్టింది. "నీ మొహం మన్నువడ. నా ఇల్లు సొచ్చినవు, నా కొడుకును మింగినవు" అంటూ తాబేలును తీసుకెళ్లి, వాకిలి బయటి బండ మీద వెల్లకిలా విసిరికొట్టింది. నా దిక్కు తిరిగి, "నువ్వు గాదె దీన్ని ఇంట్లకు తెచ్చింది!" అని మళ్లీ కొట్టింది. ఆ దెబ్బలు నిజంగా దేనికి పడాలో అవ్వకు తెలియదు, నాకు అప్పుడే అర్థమైంది. మూట, తువ్వాళ్లు, మానేరు. అన్నీ నా నోటి నుంచి పోయినవే.

ఆ రోజు ముసురు విడిచి ఎండ కాసింది. తాబేలు బండ మీద కాళ్లాడిస్తూనే ఉంది. మెడ చాచి తలను బండకు ఆనించి తిరగబడాలని చూసేది, జారిపోయేది. నేను గడపలో కూర్చొని చూస్తున్నాను. పది అడుగుల దూరం. లేచి ఒక్క వేలితో తోస్తే తిరిగేది. లేవలేదు. అది బతికితే అది ఎక్కడిదన్న మాట మళ్లీ వస్తుంది, అదెలా తెలిసిందన్న మాట వస్తుంది. అది పోతే తప్పంతా దానితోనే పోతుందనుకున్నాను. అంత చిన్నపిల్లకు అంత లెక్క ఎలా తెలిసిందని అడగకండి. తెలిసింది. మధ్యాహ్నానికి చీమలు పట్టాయి.

తాత వచ్చేసరికి అది కదలడం లేదు. కొడుకు సంగతి దారిలోనే విన్నాడు. వాకిట్లోకి రాకుండా బండ దగ్గరే ఆగి, దాన్ని చేతిలోకి తీసుకొని పొట్ట వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. దాన్ని తువ్వాలలో చుట్టుకొని వాగు దిక్కు పోయాడు. ఆ తర్వాత ఎవరైనా తాబేలును చూపించి ఏ ఊరిదని అడిగితే, "తాంబేలు తాంబేలే, యాడిదైతేంది" అనేవాడు. బావి పనికి పోతే పూడిక మాత్రం తీసి, తాబేలును వదలకుండానే వచ్చేవాడు.

నేను మాట్లాడడం మానేశాను. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టారు.

చలికాలం దాటాక కాకను వదిలారు. ఎముకల గూడులా వచ్చాడు. కుడి చెవి వినికిడి పూర్తిగా పోయింది. కాలేజీకి మళ్లీ పోలేదు. పోనివ్వలేదో, పోబుద్ధి కాలేదో, ఎవరూ చెప్పలేదు. తాతతో పాటు మోకు పట్టుకొని బావుల్లోకి దిగాడు. కొడుకు బురదలోంచి పైకొచ్చిన మొదటి సాయంత్రం తాత వాగు ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. నాకు మాట నేర్పింది మళ్లీ కాకే. ఎడమ చెవి నా దగ్గర పెట్టి "చెప్పు బిడ్డా, ఏమన్న చెప్పు" అని వెంటపడేవాడు. చెప్పేదాకా వదిలేవాడు కాదు. మెల్లమెల్లగా మాట వచ్చింది.

పెరిగాను, పెళ్లయింది, పిల్లలయ్యారు. కాక నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా నేనొక పని చేసేదాన్ని. ఆయన కుడి పక్కన, ఆ పోయిన చెవి పక్కన కూర్చునేదాన్ని. కూరగాయలు తరుగుతూనో, బియ్యం ఏరుతూనో, "కాకా, నేనే చెప్పిన. నా నోటితోనే చెప్పిన" అని గొణిగేదాన్ని. ఆయనకు వినపడేది కాదు. నా గుండె మాత్రం రెండు రోజులు తేలికగా ఉండేది. సిగ్గులేని పని. ముప్పై ఏళ్లు చేశాను.

ఆయన ముసలివాడయ్యాక ఒకసారి అలాగే చిక్కుడుకాయలు తుంచుతూ చెప్తున్నాను. కాక మెల్లగా నా దిక్కు తిరిగాడు.

"ఎప్పుడు గా పక్కకే కూసుంటవేందే? ఇటచ్చి చెప్పు."

నేను తల దించుకొని ఇంకో చిక్కుడుకాయ తుంచాను.

"నాకు మొదటి దినమే ఎర్క" అన్నాడు. "గా బూట్లోడే చెప్పిండు. పొల్ల తాంబేలును తిప్పి తిప్పి సూపిచ్చిందని, కొట్టుకుంట నవ్విండు. నువ్వేం జేస్తవు బిడ్డా? పంపినోన్ని నేను. నీకు ఎర్కైతదని తెలిసే పంపిన. నువ్వు సూసి, ఏడున్ననో నీకు ఎర్కైతే సాలనుకున్న. బుద్ధి తక్కువ నాది."

లేచి ఆయన ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాను. ఏడ్చాను. ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఆయన నా వీపు నిమురుతూ ఉండిపోయాడు. కాసేపటికి మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"అవునే, గా తాంబేలును ఏ బాయిల ఏసిండ్రు?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆ చెవిలో అబద్ధం చెప్పలేకపోయాను. బండ గురించి, ఎండ గురించి, గడపలో కూర్చున్న నా గురించి మొత్తం చెప్పాను. పది అడుగులే కాకా, నేను లేవలేదు కాకా అని చెప్పాను.

నా వీపు మీద ఉన్న చెయ్యి ఆగిపోయింది.

"బాయిలనే ఉన్నదనుకున్న" అన్నాడు. "ఠాణాల తలకిందులు ఏలాడదీసి కొట్టినప్పుడల్ల దాన్నే యాది చేసుకుంటుంటి. అదొక్కటన్న సల్లగ నీళ్లల్ల ఉన్నది గదా అని."

ఆ తర్వాత సాయంత్రం బస్సెక్కేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.